పాత పద్యనాటకాల వీడియోలు: ఖాతాదారు పోయాక ఛానల్ ఉంటుందా, కాపీలు ఎలా దాచాలి?

తెనాలి_రంగస్థలం
అందరికీ నమస్కారం. మా పెదనాన్న గారు నాటకాలకు హార్మోనియం వాయించేవారు. తెనాలి, రేపల్లె, చీరాల వైపు పరిషత్తుల్లో, తిరునాళ్లలో ఆడిన పద్యనాటకాలు వీడియో కెమెరాతో తీయించి, తర్వాత సీడీలకెక్కించి, 2008 నుంచి యూట్యూబ్‌లో పెడుతూ వచ్చారు. ఆయన కాలం చేసి రెండేళ్లు దాటింది. పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండేళ్లు వాడని గూగుల్ ఖాతాలు తీసేస్తారని వాట్సాప్‌లో ఎవరో పంపితే అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. అందులో పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు, వాళ్ల గొంతు మిగిలింది ఈ ఛానల్‌లోనే. నిజంగా పోతాయా? పోకుండా ఏం చేయాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

నెట్_పంతులు
ముందు వాట్సాప్ మాట పక్కన పెట్టండి. గూగుల్ ఈ సంగతి 2023 మే 16న ప్రకటించింది. రెండేళ్లపాటు ఎక్కడా లాగిన్ కాని వ్యక్తిగత ఖాతాలను, వాటిలోని మెయిల్, డ్రైవ్, ఫొటోలతో సహా, 2023 డిసెంబరు నుంచి విడతలవారీగా తీసేస్తామంది. మొదట తెరిచి వదిలేసిన ఖాతాలతో మొదలుపెడతామంది. కంపెనీలకు, బడులకు ఇచ్చే ఖాతాలకు ఇది వర్తించదు. తీసేసే ముందు కొన్ని నెలలపాటు ఆ ఖాతాకూ, రికవరీ మెయిల్ ఇచ్చి ఉంటే దానికీ హెచ్చరికలు పంపుతారు. మొదటి ప్రకటన చూసి మీలాగే చాలామంది కంగారుపడ్డారు, చనిపోయినవాళ్ల ఛానళ్ల సంగతేంటని గట్టిగా అడిగారు. దాంతో, యూట్యూబ్ వీడియోలు ఉన్న ఖాతాలను ప్రస్తుతానికి తీసేసే ఆలోచన లేదని గూగుల్ స్పష్టం చేసింది. కాబట్టి రేపే పోతాయని భయపడక్కర్లేదు.

పాత_టేపులు
పంతులు గారు చెప్పింది సరైనదే కానీ అందులో "ప్రస్తుతానికి" అన్న మాట ఉంది చూశారా, నా దృష్టంతా దాని మీదే. అది హామీ కాదు, ఇవాళ్టి విధానం. కంపెనీ విధానం మారడానికి ఒక బ్లాగు పోస్టు చాలు.

మన కళ్ల ముందే ఎన్ని పోయాయో చూడండి. 2005లో గూగుల్ వీడియో అని వచ్చింది గుర్తుందా? అప్పట్లో యూట్యూబ్‌లో పది నిమిషాలకు మించి పెట్టనిచ్చేవారు కాదు (2006 నుంచి 2010 దాకా అంతే), అందుకే పద్యనాటకాలన్నీ 1/12, 2/12 అని ముక్కలుగా కనిపిస్తాయి, మధ్యలో ఒక ముక్క ఎప్పుడూ దొరకదు. నిడివి ఎక్కువున్నవి గూగుల్ వీడియోలో పెట్టుకునేవాళ్లు. 2009లో అక్కడ అప్‌లోడ్లు ఆపేశారు. 2011 ఏప్రిల్‌లో, ఈ నెలాఖరుతో వీడియోలు ఆడవు, కావాలంటే దించుకోండి అన్నారు. ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం రాత్రింబవళ్లు కూర్చుని దించడం మొదలుపెట్టింది, జనం గోల చేశారు, అప్పుడు గూగుల్ వెనక్కి తగ్గి మిగిలినవి యూట్యూబ్‌కు మార్చేదాకా ఉంచింది. ఎవరూ అడక్కపోతే ఏమయ్యేదో ఆలోచించండి. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30తో మూతపడింది. పాటలు పెట్టుకునే మైస్పేస్ అనే సైటు సర్వర్లు మార్చుతూ 2016కు ముందు పెట్టిన పాటలన్నీ పోగొట్టింది, ఆ సంగతి అందరికీ తెలిసింది 2019లో. కావాలని తీసేయలేదు, పొరపాటున పోయాయని వాళ్లే చెప్పారు.

మీ ఛానల్ ఉంటుందా పోతుందా అన్నది మన చేతుల్లో లేదండీ. కాపీ ఉండటం మాత్రం మన చేతుల్లోనే ఉంది. దాని మీద పడండి.

భద్రం_కొడుకో
ఇంకో ప్రమాదం ఎవరూ చెప్పలేదు. ఖాతాను గూగుల్ తీసేయకపోయినా దొంగలు తీసేయొచ్చు. వాడకుండా వదిలేసిన ఖాతాల్లో రెండంచెల భద్రత (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగేది) పెట్టుకున్నవి, వాడుకలో ఉన్న ఖాతాలతో పోలిస్తే కనీసం పది రెట్లు తక్కువని గూగులే చెప్పింది, ఈ విధానానికి వాళ్లు చూపిన కారణం కూడా అదే. పాత ఛానల్ చేతికి చిక్కితే దొంగలు చేసే మొదటి పని వీడియోలన్నీ దాచేయడమో తుడిచేయడమో. తర్వాత పేరు మార్చి క్రిప్టో కరెన్సీ పేరుతో మోసపు లైవ్‌లు పెడతారు. ఫిర్యాదు చేయాల్సిన ఖాతాదారు ఉండడు కాబట్టి ఎవరికీ తెలియదు కూడా.

సిమ్ సంగతి కూడా చూడండి. రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఆగి కంపెనీలు వేరేవాళ్లకు ఇస్తాయి. పెద్దాయన నంబరు ఇంకా బతికుంటే రీఛార్జి ఆపకండి, రికవరీ కోడ్ వచ్చేది దానికే.

తెనాలి_రంగస్థలం
నంబరు పోయినట్టే ఉంది భద్రం గారూ. కానీ ఆయన వాడిన కంప్యూటర్ మా అన్నయ్య (పెదనాన్న గారి అబ్బాయి) దగ్గర అటక మీద ఉంది. దాన్ని తెరిస్తే ఉపయోగం ఉంటుందా? పాస్‌వర్డ్ లేకుండా వీడియోలు దించుకోవడం కుదురుతుందా?

నెట్_పంతులు
చాలా ఉపయోగం. దాన్ని ఫార్మాట్ చేయనివ్వకండి. మూడు పనులు, ఇదే వరసలో.

ముందు ఆ హార్డ్ డిస్క్‌లో అసలు ఫైళ్లు ఉన్నాయేమో వెతకండి. సీడీల నుంచి తీసిన వీసీడీ (వీడియో సీడీ) ఫైళ్లయితే పేరు చివర .dat (డాట్) అని ఉంటుంది, అది ఎంపెగ్-1 వీడియోనే, వీఎల్‌సీలో ఆడుతుంది. యూట్యూబ్‌లో ఉన్నదానికన్నా ఇదే మేలు, ఎందుకంటే 2008లో ఎక్కించిన వీడియోలను యూట్యూబ్ నొక్కేసి 240పీలో, అంటే నిలువునా 240 గీతలతో ఉంచింది, అసలు వీసీడీ 352x288, అంటే నిలువునా 288.

రెండోది, బ్రౌజర్‌లో ఆయన ఖాతా ఇంకా లాగిన్ అయ్యే ఉందేమో చూడండి. చాలామంది పెద్దవాళ్లు పాస్‌వర్డ్‌ను బ్రౌజర్‌లోనే సేవ్ చేసి ఉంచుతారు. అది దొరికితే గూగుల్ టేకౌట్‌కు (ఖాతాలోని డేటా అంతా దించుకునే పేజీ) వెళ్లి యూట్యూబ్ ఒక్కటే టిక్ పెట్టి మొత్తం అడగొచ్చు. మీరు ఎక్కించిన నాణ్యతతోనో ఎంపీ4గానో వీడియోలన్నీ జిప్‌లుగా వస్తాయి, ఒక్కో ముక్క 50 జీబీ దాకా పెట్టుకోవచ్చు. ఆ లింకు వారం రోజులే పని చేస్తుంది, వచ్చిన రోజే దించుకోండి. యూట్యూబ్ స్టూడియోలో కూడా డౌన్‌లోడ్ ఉంది కానీ అది ఒక్కొక్కటిగా, 720పీకి మించదు.

ఏదీ కుదరకపోతే మూడోది. పబ్లిక్‌గా కనిపించే వీడియోలను వైటీ-డీఎల్‌పీ అనే ఉచిత సాధనంతో దించొచ్చు. నల్ల తెర మీద టైప్ చేయడం తప్ప కష్టమేమీ ఉండదు. ఛానల్ లింకు ఇస్తే మొత్తం తీసుకుంటుంది, బొమ్మనూ శబ్దాన్నీ కలిపే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాధనం కూడా ఇన్‌స్టాల్ చేసి ఉండాలి. దించినవాటి జాబితా రాసుకునే సెట్టింగ్ ఉంది, అది పెట్టుకుంటే మధ్యలో కరెంటు పోయినా మళ్లీ మొదటి నుంచి రాదు.

ఓరుగల్లు_పోరడు
పంతులన్నా, యూట్యూబ్ నిబంధనల ప్రకారం అనుమతి లేకుండా దించొద్దు కదా? గిది కూడా చెప్పాలె. నేను చిందు యక్షగానం, ఒగ్గుకథ వీడియోలు జమ చేస్త, గందుకే ఈ హక్కుల సంగతి కొంచెం తిరగేసిన.

యూట్యూబ్ అనుమతి, హక్కుదారు అనుమతి రెండూ ఉండాలని నిబంధనల్ల ఉన్నది. ఈ కేసుల వీడియో తీయించింది పెద్దాయన. కాపీరైట్ వారసులకు వస్తది, అంటే ఆయన పిల్లలకు. నువ్వు తమ్ముని కొడుకువి కాబట్టి తమ్ముడూ, ముందు మీ అన్నయ్యతోని మాట్లాడి ఒక కాగితం రాయించుకో. వాళ్ల నాయన వీడియోలు వాళ్ల ఇంట్ల దాచుకునుడు వేరు, ఎవరివో ఛానళ్లు మొత్తం దించి మళ్ల తన పేరుతోని పెట్టుకునుడు వేరు. రెండోది దొంగతనమే, అట్ల చేసేటోళ్లు మస్తుమంది ఉన్నరు.

ఇగ నాటకం సంగతి. మన చట్టంల రచయిత పోయినంక 60 ఏండ్లకు హక్కు అయిపోతది. ఇద్దరు రాస్తే ఆఖరుకు పోయినాయన నుంచి లెక్క. తిరుపతి వెంకట కవుల పద్యాలకు, ఇద్దరిల ఆఖరుకు చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు 1950 సంవత్సరంల పోయిండ్రు కాబట్టి, 2010తోనే అయిపోయింది. కానీ పాడినోళ్లకు వేరే హక్కు ఉన్నది, ప్రదర్శకుల హక్కు, ప్రదర్శన అయినంక 50 ఏండ్లు. 1990ల నాటకమైతే ఇంకా నడుస్తున్నది. దాచుకునుటానికి ఇది అడ్డం కాదు, మళ్ల అందరికీ పెట్టేటప్పుడు మాత్రం ఆ కళాకారుల ఇండ్లల్ల అడగాలె. అడిగితే కాదనేటోళ్లు తక్కువ, మా నాయన గొంతు దాస్తున్నవా అని ఏడ్చినోళ్లున్నరు.

కృష్ణాతీరం
ఓరుగల్లు గారి మాటకు నా మద్దతు. నేనింకోటి కలుపుతాను. మీరంతా వీడియో గురించే మాట్లాడుతున్నారు. వీడియో కింద ఉన్నదాని సంగతేంటి?

పాత నాటకం వీడియో ఏదైనా తెరిచి కామెంట్లు చదవండి. "తబలా మా మేనమామ", "ఇది 1994 కాదు, ఆ ఏడు మా ఊళ్లో గాలివాన, 1996లో ఆడారు", "నక్షత్రకుడి పాత్ర వేసినాయన పేరు తప్పు రాశారు, ఆయనది పొన్నూరు" అని ఉంటాయి. ఆ నాలుగు ముక్కలు ఇంకెక్కడా రాసి లేవు. వీడియో మిగిలి ఈ వివరాలు పోతే యాభై ఏళ్ల తర్వాత అది ఎవరో తెలియని ఇద్దరు పాడుకుంటున్న బొమ్మ మాత్రమే. టేకౌట్‌లో వచ్చేవి ఖాతాదారు తను రాసిన కామెంట్లు, ఇతరులు రాసినవి అందులో రావు. అదే వైటీ-డీఎల్‌పీలో అయితే కామెంట్లు, వివరణ, తేదీ, థంబ్‌నెయిల్ అన్నీ పక్కనే ఫైలుగా రాసే వీలుంది. కాబట్టి టేకౌట్ దొరికినా సరే వైటీ-డీఎల్‌పీతో కూడా దించండి.

ఆ పైన బతికున్న కళాకారుల్ని కూర్చోబెట్టి చూపించండి. ఎవరు ఏ పాత్ర, హార్మోనియం ఎవరు, ఏ ఊరు, ఏ సందర్భం, మేకప్ ఎవరు, ఏ సమాజం. పద్యనాటకంలో ఒకే కాటి సీను ఒక్కొక్కరు ఒక్కో బాణీలో పాడతారు, ఆ బాణీ ఏ గురువుదో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు డెబ్భై దాటినవాళ్లే. హార్డ్ డిస్క్ వచ్చే నెల కొన్నా ఏం కాదు. ఈ పని మాత్రం ఈ వారమే మొదలుపెట్టాలి.

డల్లాస్_తెలుగు
నేను అమెరికా నుంచి. ఇక్కడ మా తరం వాళ్లకు ఈ నాటకాలు దొరికింది మొదట్లో టేపుల్లో, తర్వాత ఇలాంటి ఛానళ్లలోనే.

అన్‌లిస్టెడ్ వీడియోల (లింకు ఉన్నవాళ్లకే కనిపించేవి) గురించి ఒక మాట. 2017కు ముందు అన్‌లిస్టెడ్‌గా పెట్టినవాటిని యూట్యూబ్ 2021 జూలై 23న ప్రైవేటుగా మార్చేసింది, వద్దనుకున్న ఖాతాదారులు ముందే చెప్పుకోవాలి. చెప్పడానికి మనిషి లేని ఛానళ్లలో అవి అలాగే తాళం పడి ఉన్నాయి. మీ పెదనాన్న గారు కుటుంబానికి మాత్రమే లింకులు పంపిన వీడియోలు ఉంటే బయటి నుంచి దించడం కుదరదు, ఆ కంప్యూటర్‌లో లాగిన్ దొరకడం ఒక్కటే దారి. అందుకే దాన్ని చాలా జాగ్రత్తగా తెరవండి, పాస్‌వర్డ్ ఊహించి పదిసార్లు కొట్టొద్దు.

చనిపోయినవారి ఖాతా గురించి గూగుల్‌కు దరఖాస్తు పెట్టే పేజీ ఉంది. మరణ ధ్రువీకరణ పత్రం, మీ గుర్తింపు కార్డు అడుగుతారు. పాస్‌వర్డ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వరు. డేటా ఇవ్వడం వాళ్ల విచక్షణ, దానికి అమెరికా కోర్టు ఉత్తర్వు కూడా కావాల్సి రావొచ్చు. ఆ దరఖాస్తులో ఖాతా మూసేయండి అని అడిగే ఎంపిక కూడా ఉంటుంది, పొరపాటున అది నొక్కకండి.

సాహితీ_సభలు
మా జిల్లాలో సాహితీ సభలు, అవధానాలు కరోనా కాలంలో అన్నీ ఫేస్‌బుక్ లైవ్‌లోనే జరిగాయి. అవి కూడా ఇంతేనా? ఆ నిర్వాహకుల్లో ఒకరిద్దరు ఇప్పుడు ఫేస్‌బుక్ వాడటమే మానేశారు.

నెట్_పంతులు
అక్కడ ఇంకా కష్టం అండీ. 2025 ఫిబ్రవరి 19 నుంచి ఫేస్‌బుక్‌లో కొత్త లైవ్ వీడియోలు 30 రోజులే ఉంటాయి. అంతకుముందువి కూడా తీసేస్తామని, నోటిఫికేషన్ వచ్చాక దించుకోవడానికి 90 రోజులు ఇస్తామని చెప్పారు, అడిగితే ఆరు నెలలు వాయిదా వేసే వీలు ఇచ్చారు. ఆ పేజీల్లో ఏం మిగిలిందో ఇవాళే చూసుకోండి. పోయినవి ఉంటే లైవ్ పెట్టినాయన ఫోన్‌లో, జూమ్‌లో జరిగి ఉంటే జూమ్ రికార్డింగ్‌లో అసలు కాపీ ఉండొచ్చు. సభకు వచ్చినవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కూడా అడగండి.

సాహితీ_సభలు
చూశాను. 2020 నాటివి లింకు నొక్కితే ఏమీ రావడం లేదు. పృచ్ఛకుల్లో ఒకరు తన ఫోన్‌లో తెర రికార్డు చేసుకున్నారట, రెండు సభలు ఆయన దగ్గర ఉన్నాయన్నారు. మిగతావాటి కోసం వెతుకుతాను. చాలా బాధగా ఉంది, ఆ సమస్యాపూరణలు ఎవరూ రాసిపెట్టలేదు.

పాత_టేపులు
ఇక దాచడం గురించి రాస్తాను. సూత్రం పాతదే: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి వేరే ఊళ్లో. ఒక హార్డ్ డిస్క్ మీ ఇంట్లో, ఇంకోటి మీ అన్నయ్య దగ్గర కాకుండా వేరే ఊళ్లో ఉన్న చుట్టాల ఇంట్లో, మూడోది ఆన్‌లైన్‌లో. హార్డ్ డిస్క్ కొని బీరువాలో పెట్టేస్తే దాచినట్టు కాదు, విత్తనాల్లాగా దాన్నీ ఏడాదికోసారి బయటికి తీసి చూసుకోవాలి. ఫైళ్లకు చెక్‌సమ్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి ఒక టెక్స్ట్ ఫైలులో ఉంచుకుంటే, మళ్లీ చూసినప్పుడు ఏదైనా పాడైందా లేదా తేలిగ్గా తెలుస్తుంది. పాత రైటబుల్ సీడీలు ఉంటే వాటిని నమ్ముకోకండి, పై పొర చెడిపోయి చదవడం మానేస్తాయి, ఉన్నవి ముందు కాపీ తీయండి.

వచ్చిన ఫైలును వచ్చినట్టే ఉంచండి. సైజు తగ్గుతుందనో రంగు బాగుంటుందనో మార్చి అసలుది తీసేయొద్దు. కావాలంటే చూసుకోవడానికి ఇంకో ఎంపీ4 చేసుకోండి. ఈ ఏఐ సాధనాలతో శుభ్రం చేస్తామనే షాపులు వచ్చాయి, ముఖాలు నున్నగా చేసి మేకప్ గీతలు కూడా మాయం చేస్తున్నారు, అది విడిగా ఉంచుకోండి.

ఆన్‌లైన్ కాపీకి నా సలహా ఇంటర్నెట్ ఆర్కైవ్. 1996 నుంచి ఉన్న లాభాపేక్ష లేని సంస్థ, ఎక్కించడం ఉచితం, వివరాలు తెలుగులోనే రాసుకోవచ్చు. మన డిజిటల్ లైబ్రరీ తెలుగు పుస్తకాలు ఎన్నో ఇప్పుడు దొరుకుతున్నది అక్కడే. అలాగని అదొక్కటే చాలనుకోకండి, 2024 అక్టోబరులో దాని మీద సైబర్ దాడి జరిగి కొన్నాళ్లు అసలు తెరుచుకోలేదు.

ఓరుగల్లు_పోరడు
మంచిగ చెప్పినవ్ అన్నా. బతికున్నోళ్ల ఛానళ్ల సంగతి కూడా ఇక్కడనే చెప్పుకుందాం. మా దగ్గర ఒగ్గుకథ వీడియోలు తీసే సార్ ఒకాయన ఉన్నరు, వయసు మీద పడ్డది. ఆయనతోని కూసోని రెండు పనులు చేయించిన. ఒకటి, యూట్యూబ్ సెట్టింగ్స్‌ల ఛానల్‌కు ఇంకో నమ్మకమైన మనిషిని మేనేజర్‌గా కలిపినం, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పే అవసరమే లేదు. రెండోది, గూగుల్‌ల ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటది. 3, 6, 12 లేకపోతే 18 నెలలు ఖాతా వాడకపోతే ఎవరికి చెప్పాలె, ఏ డేటా ఇయ్యాలె అని ముందే రాసిపెట్టుకోవచ్చు, పది మంది దాక పేర్లు ఇయ్యొచ్చు. 2013 నుంచి ఉన్నది గని ఎవ్వలకూ తెల్వదు. చావు మాట ఎత్తుడు ఎట్ల అని నేను మస్తు ఎనకముందాడిన, సారే నవ్వి "నా ఎనక ఈ కథలు ఉండాలె బిడ్డా" అన్నరు. అడగండ్రి, ఏమనుకోరు.

తెనాలి_రంగస్థలం
అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. అన్నయ్యతో మాట్లాడాను, కాగితం రాసిస్తానన్నాడు. కంప్యూటర్ తెరుచుకుంది కానీ బ్రౌజర్‌లో ఖాతా లాగౌట్ అయి ఉంది, పాస్‌వర్డ్ సేవ్ చేసి లేదు. డిస్క్‌లో కొన్ని డాట్ ఫైళ్లు దొరికాయి. పబ్లిక్ వీడియోలన్నీ కామెంట్లతో సహా దిగుతున్నాయి. ముక్కలుగా ఉన్న ఒక రాయబారంలో ఎనిమిదో భాగం మాత్రం ఛానల్‌లోనూ లేదు, డిస్క్‌లోనూ లేదు. అటక మీదే ఒక ట్రంకుపెట్టెలో వీహెచ్ఎస్ కాసెట్లు కనిపించాయి, కొన్నింటి మీద తెల్లటి మచ్చలున్నాయి. వీసీఆర్ ఎవరి దగ్గరా లేదు. ఊళ్లో ఒక స్టూడియో వాళ్లు కాసెట్‌కు ఇంత అని అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

పాత_టేపులు
ఆ తెల్లటి మచ్చలు బూజు. కోస్తా తేమకు చాలా టేపుల్లో ఉంటుంది. దాన్ని యథాతథంగా వీసీఆర్‌లో పెట్టకండి, బూజు టేపును చదివే హెడ్‌కు అంటుకుని తర్వాత పెట్టే మంచి టేపులు కూడా పాడవుతాయి, టేపు తెగినా తెగుతుంది. మచ్చలున్నవి విడిగా కవర్లో పెట్టి, ముందు బాగున్నవి చేయించండి. వీసీఆర్ తయారు చేసిన చివరి కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో ఆపేసింది, ఇప్పుడు దొరికేవన్నీ పాతవే, కాబట్టి స్టూడియోలో మెషీన్ హెడ్ ఈ మధ్య శుభ్రం చేశారా అని అడిగి, పనికిరాని టేపు ఒకటి పెట్టి చూపించమనండి. అన్నీ ఒకేసారి వదిలి రావొద్దు, ఒకటిచ్చి అది ఎలా వచ్చిందో చూశాక మిగతావి.

డీవీడీగా చేసి ఇస్తామంటే వద్దనండి, పెన్‌డ్రైవ్‌లో ఫైలుగా కావాలనండి. మన దేశంలో వాడిన పాల్ పద్ధతి టేపు కాబట్టి 720x576, సెకనుకు 25 ఫ్రేములు, మధ్యలో లోగోలు, పాటలు కలపొద్దని గట్టిగా చెప్పండి. పెట్టెలో చిన్న మినీడీవీ కాసెట్లు కూడా ఉంటే వాటికి ఫైర్‌వైర్ తీగతో నేరుగా తీయడం కుదురుతుంది, గంటకు 13 జీబీ దాకా వస్తుంది, దాన్ని అలాగే ఉంచండి.

ఇచ్చే ముందు ప్రతి కాసెట్ వెనక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ ట్యాబ్ చూడండి. అది ఉంటే విరగ్గొట్టేయండి, అప్పుడు ఎవరు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా దాని మీద ఎక్కదు. పెట్టెల మీద పెదనాన్న గారు ఏదైనా రాసి ఉంటే రెండు వైపులా ఫొటో తీసుకుని, అదే నంబరు ఫైలుకు కూడా పెట్టండి. ఎనిమిదో భాగం ఆ టేపుల్లోనే ఉండే అవకాశం ఎక్కువ, ముక్కలు చేసింది ఎక్కించేటప్పుడు కదా, టేపులో నాటకం మొత్తం ఒకే పట్టున ఉంటుంది.